పోర్ట్ లూయిస్‌లో పదహారు మెట్లు

మేముండే జొహన్నెస్‌బర్గ్ నుంచి మారిషస్‌కి నాలుగ్గంటల ఫ్లైట్. మొదటి ఐదు రోజులూ బీచ్‌లోనే గడిచిపోయాయి, ఆరో రోజు మాత్రం ఏ టూరూ బుక్ చేసుకోకుండా లేటుగా లేచి పిల్లలిద్దర్నీ తీసుకుని తీరిగ్గా రాజధాని పోర్ట్ లూయిస్ వెళ్ళాం. సెంట్రల్ మార్కెట్ దగ్గర ధోల్ పూరి తిన్నాం, పప్పు పొడి కూరి పల్చగా కాల్చిన రొట్టెలు, రెండేసి తీసుకుని లోపల గింజల కూర, టమాటా కూర, మిరపకాయ పచ్చడి వేసి కాగితంలో చుట్టిస్తారు. మావాడు ఒక్క ముక్క కొరికి "అమ్మా ఇది స్వీట్ లేని బొబ్బట్టు" అన్నాడు, ఆ మాట వాడి నోట్లోంచి దానంతటదే వచ్చేసరికి నాకెంత సంతోషమేసిందో. తర్వాత సబ్జా గింజలేసిన చల్లటి పాలు, అలూదా అంటారు, తలో గ్లాసు తాగి నడుచుకుంటూ ఆప్రవాసీ ఘాట్‌కి, అంటే ఒకప్పుడు వలస కూలీలు ఓడ దిగిన చోటికి, వెళ్ళాం.

మాది కాకినాడ. కోరింగ అంటే చిన్నప్పుడు మాకు మడ అడవి, పిక్నిక్, అంతే. అక్కడ ఒకప్పుడు రేవుండేదని, ఆ రేవులో ఓడెక్కి ఇక్కడికొచ్చిన మనవాళ్ళని ఈ దీవిలో కోరంగీలు అనేవారని పెద్దయ్యాకే తెలిసింది. 1834 నుంచి 1920 దాకా నాలుగున్నర లక్షల మందికి పైగా కూలీలు, ఎక్కువమంది ఇండియా వాళ్ళే, చెరుకు తోటల పనికని ఇక్కడ దిగారు. వాళ్ళు ఓడ దిగి ఎక్కిన రాతిమెట్లు 16 ఇంకా అలాగే ఉన్నాయి, ఈ ఘాట్‌ని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

మా మాటలు విని ఒక పెద్దావిడ "తెలుగు?" అంటూ దగ్గరికొచ్చారు. ఆవిడ ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచ్ నుంచి పుట్టిన ఇక్కడి భాష క్రియోల్, తెలుగులో మాట్లాడ్డం రాదు, కానీ రామభజనం పాటలు నోటికొచ్చు, ఇంట్లో సింహాద్రి అప్పన్న పూజ తప్పకుండా చేస్తారట, ఉగాదికి ఇక్కడ దేశమంతా సెలవే కదా ఆ రోజు పిల్లలందరూ ఇంటికొస్తారట. సన్నగా ఒక భజన పాడారు కూడా, పలకడం అచ్చం మా ఊళ్ళో పెద్దవాళ్ళలాగే ఉంది, అర్థం అడిగితే సగమే తెలుసు అన్నారు, ఆ చెప్పడంలో సిగ్గేమీ లేదు.

నేనేమో మా పాప ఒక్క మాట తప్పు పలికినా అక్కడే ఆపి దిద్దేదాన్ని. ళ రాలేదని, వత్తు పోయిందని. ఏడాది నుంచి అది నాతో తెలుగులో మాట్లాడ్డమే మానేసింది, అది నా తప్పే.

ఆవిడ పాట అయ్యాక పాప మెట్ల వైపు వేలు చూపిస్తూ ఒకటి, రెండు అని మొదలెట్టింది. పన్నెండు దాకా వచ్చి ఆగిపోయి నా వైపు చూసింది, నేను ఏమీ అనలేదు. మళ్ళీ మొదట్నుంచి అందుకుంది, ఈసారి ఆ పెద్దావిడ కూడా దానితో కలిసి లెక్కపెట్టారు, పది దాకా.