లా తష్‌ఉరూన్: బారా షహీద్ గట్టున చదవాల్సిన ఆయత్

మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు ఘాట్ దగ్గర నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. "చదువు రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?", "ఇదిగో పెళ్లి రొట్టె, పట్టుకోండి" అని కేకలు. కోరిక ఉన్నవాళ్లు అడిగి తీసుకుని తింటారు. అది తీరాక మళ్లీ వచ్చి, అదే పేరుతో రొట్టె ఇంకొకరికి ఇస్తారు. గట్టు మీద బారా షహీద్ దర్గాలో పన్నెండుమంది షహీద్‌ల, అంటే అల్లాహ్ మార్గంలో ప్రాణాలిచ్చినవాళ్ల, సమాధులు. గండవరం దగ్గర యుద్ధంలో తలలు తెగితే మొండేలను గుర్రాలు ఇక్కడిదాకా మోసుకొచ్చాయని చెప్పుకుంటారు. ఆ కథలో చరిత్ర ఎంతన్నది వేరే లెక్క. "షహీద్" అన్న మాట దగ్గర ఆగామంటే మాత్రం ఖురాన్‌లో రెండు ఆయత్‌లు (వాక్యాలు) పక్కపక్కన పెట్టుకోవాల్సిందే.

ఒకటి బఖరా సూరా (అధ్యాయం) 154: "అల్లాహ్ మార్గంలో చంపబడేవారిని మృతులు అనకండి. వాళ్లు సజీవులు, మీకే అది పసికట్టడానికి రాదు." రెండోది ఆలి ఇమ్రాన్ సూరా 169: "అల్లాహ్ మార్గంలో చంపబడినవారిని మృతులని అనుకోనే అనుకోకు. వాళ్లు సజీవులు, తమ ప్రభువు దగ్గర ఉపాధి పొందుతున్నారు." మొదటిదాన్ని ముఫస్సిర్లు (ఖురాన్ వ్యాఖ్యాతలు) హిజ్రీ 2లో జరిగిన బద్ర్ యుద్ధంతో ముడిపెడతారు, అక్కడ ముస్లింల వైపు 14 మంది పోయారు. రెండోదాన్ని మరుసటి ఏటి ఉహుద్ యుద్ధంతో. అక్కడ దాదాపు 70 మంది.

తఫ్సీర్ (ఖురాన్ వ్యాఖ్యానం) చదివేవాళ్లు ముందు క్రియల కింద గీత గీసుకుంటే మేలు. 154లో "లా తఖూలూ", అనకండి. అది నాలుకకు పెట్టిన హద్దు. 169లో "లా తహ్‌సబన్న", అనుకోకు. అది మనసుకు. పైగా చివర ద్విత్వ నూన్ ("న" అక్షరం) తగిలించి గట్టిగా చెప్పిన మాట, అందుకే తెలుగులో "అనుకోనే" అని ఒత్తాలి. ఒకచోట బహువచనం, ఇంకోచోట ఏకవచనం. ఒకచోట "చంపబడేవారు", ఇంకోచోట "చంపబడినవారు". ఇవన్నీ ఒక్క మాటలో కలిపేసి "అమరులు" అని తేల్చేసే అనువాదంతోనే చిక్కు మొదలవుతుంది. అమరుడంటే చావే లేనివాడు. ఆయత్ చావు జరగలేదనడం లేదు, "చంపబడ్డారు" అని దాని నోటితోనే చెబుతోంది. ఆ తర్వాతే "అహ్యా" అంటుంది, అంటే బతికి ఉన్నవాళ్లని. షరీఅత్ (ఇస్లాం ధర్మశాస్త్రం) కూడా ఈ తేడా పాటిస్తుంది: షహీద్ ఆస్తి వారసులకు పంచుతారు, భార్య నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ (భర్త పోయాక మళ్లీ పెళ్లాడకుండా ఆగే గడువు) పాటిస్తుంది. ఉహుద్‌లో పోయినవాళ్లను మాత్రం స్నానం చేయించకుండా, నెత్తుటి బట్టలతోనే ఖననం చేశారు.

ఖిరాఅత్‌లు, అంటే ఖురాన్ పఠనంలోని పాఠభేదాలు, కూడా చూడాలి. 169లో మనం "ఖుతిలూ" అని చదివేచోట పాత ఖురాన్ పఠనాచార్యుడు ఇబ్ను ఆమిర్ పాఠంలో "ఖుత్తిలూ" అని తకారం ద్విత్వం. అరబీలో ఆ ఒత్తు పడితే ఎక్కువమంది, దారుణంగా అన్న ఛాయ వస్తుంది. ఉహుద్ తలుచుకుంటే ఆ ఛాయ ఎందుకో చెప్పక్కర్లేదు.

హదీసు (ప్రవక్త మాటల ఉల్లేఖనం) దగ్గర తెలుగు పాఠకుడు జారే చోటు ఒకటుంది. షహీద్‌ల ఆత్మలు పచ్చని పక్షుల కడుపుల్లో ఉంటాయని, అర్ష్‌కు (అల్లాహ్ సింహాసనానికి) వేలాడే దీపాలే వాటి గూళ్లని, స్వర్గంలో కోరినచోటికి తిరుగుతాయని సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. మనకు చిన్నప్పటినుంచి చెవుల్లో ఉన్న మాట పునర్జన్మ కాబట్టి, పక్షి అనగానే మరో జన్మ అనుకుంటాం. ఇక్కడ పక్షి మరో బతుకు కాదు. బర్జఖ్‌లో, అంటే చావుకూ ప్రళయదినానికీ మధ్య దశలో, ఆత్మకు ఇచ్చిన వాహనం లాంటిది, అంతే.

అసలు సంగతి 154 చివరి మాటలో ఉంది. "లా తఅలమూన్", మీకు తెలియదు, అనొచ్చుగా? అనలేదు. "లా తష్‌ఉరూన్" అంది. ఈ ధాతువులోనే షఅర్ ఉంది, అంటే వెంట్రుక. షిఅర్ కూడా అందులోదే, కవిత్వం. ఖురాన్ పదాలకు నిఘంటువు రాసిన రాగిబ్ ఇస్ఫహానీ ఈ మాటను వెంట్రుకంత సన్నటిదాన్ని పట్టుకునే స్పర్శగా విడదీస్తాడు. మన "వెంట్రుకవాసి"కి ఎంత దగ్గరో చూడండి. షహీద్‌లు బతికే ఉన్నారని ఆయత్ చెప్పాక తెలియడం అయిపోయింది. స్పర్శకే అందడం లేదు. అది అందిందని ఎవరైనా ధీమాగా చెబితే ఆయత్‌కు అడ్డం పోయినట్టే.

షహీద్‌లను కోరికలు అడగొచ్చా అన్న తగువు ఈ ఆయత్ ఒక్కదానితో తేలదు, రెండు పక్షాలవాళ్లూ దీన్నే ఎత్తుకుంటారు. నా లెక్కలో చూడాల్సింది 169 చివరి క్రియ. "యుర్‌జఖూన్" కర్మణి ప్రయోగం, అంటే వాళ్లకు ఇవ్వబడుతుంది. ఇచ్చేవాడు రబ్బ్ (ప్రభువు), పుచ్చుకునేవాళ్లు షహీద్‌లు. చెరువులో రొట్టె ఇచ్చే చెయ్యి కూడా ముందొకసారి చాచి పుచ్చుకున్నదే.

బఖరా 154 దగ్గర ముస్‌హఫ్ (ఖురాన్ ప్రతి) మూసేయకండి. 155లో "బిషయ్‌ఇన్" అని ఉంటుంది: కొంచెం భయంతో, ఆకలితో, సొమ్ము, ప్రాణాలు, పంటల నష్టంతో పరీక్షిస్తామని. ఆ "కొంచెం" అన్న మాట అక్కడి తన్వీన్‌లోంచి (పదం చివరి "న్" ధ్వనిలోంచి) వచ్చింది. ఆ వెంటనే 156. ఎవరింట్లో చావు కబురు విన్నా మన నోట వచ్చే "ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్" (మేము అల్లాహ్‌వాళ్లం, ఆయన దగ్గరికే తిరిగి పోతాం) ఉన్నది అక్కడే.