సీడర్ హిల్ నల్లరేగడిలో ఐదో రైడు

నిన్న డాలస్ దగ్గరి సీడర్ హిల్ పార్కులో మౌంటెన్ సైకిల్ మీద 8 మైళ్ళ లూపు (చుట్టి మొదటికే వచ్చే దారి) తొక్కాను, ఒక్కచోటే కాలు కింద పెట్టాను. మార్చిలో మొదటిసారి వెళ్ళినప్పుడు గంటా 35 నిమిషాలు పట్టింది, అందులో సైకిల్ నన్ను మోసిందానికన్నా నేను దాన్ని తోసిందే ఎక్కువ. నిన్న గంటా 14 నిమిషాలు. జూలై, ఆగస్టుల్లో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండకు జడిసి అసలు వెళ్ళలేదు కాబట్టి, ఇది ఐదోసారి మాత్రమే.

సీడర్ హిల్ స్టేట్ పార్క్ డాలస్‌కు నైరుతిలో, జో పూల్ సరస్సు ఒడ్డున ఉంటుంది. ఇక్కడి డోర్బా ట్రెయిల్‌ను డాలస్ ఆఫ్-రోడ్ బైసికిల్ అసోసియేషన్ వాలంటీర్లు బాగుచేస్తుంటారు. సుమారు 3, 8, 12 మైళ్ళ లూపులు మూడున్నాయి. కొత్తవాళ్ళు 3 మైళ్ళదానితో మొదలుపెట్టండి. నేను పెట్టలేదు, మోచేతి మీద ఇంకా మచ్చ ఉంది.

ఇక్కడ అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది మట్టి. ఇది అచ్చం మన నల్లరేగడే. నంద్యాల దగ్గర మా చేలో వాన పడ్డాక నాలుగడుగులు వేస్తే చెప్పులు కిలో బరువెక్కేవి, ఇక్కడ టైర్లకు అదే గతి. ఫ్రేముకూ టైరుకూ మధ్య బంక మట్టి ఇరుక్కుంటే చక్రం తిరగదు. పైగా తడిలో పడిన గాడులు ఎండాక రాయిలా బిగుసుకుపోయి వెనక వచ్చేవాళ్ళను పడేస్తాయి. అందుకే వాన పడితే ట్రెయిల్ మూసేస్తారు. బయల్దేరే ముందు ఫోన్‌లో చూసుకోండి. ఏప్రిల్లో నేను చూసుకోకుండా 40 మైళ్ళు వెళ్ళి, గేటు దగ్గర బోర్డు చదువుకుని తిరిగొచ్చాను.

దారి పొడవునా గుట్టలు చిన్నవే, కానీ నిటారుగా ఉంటాయి. ఎత్తు మొదలయ్యాక గేర్ మార్చడం నేను చేస్తూ వచ్చిన తప్పు. చైన్ కటకటలాడేది, ఊపు పోయేది, సైకిల్ నిలబడిపోయేది. ఇప్పుడు మలుపు దగ్గరే తేలిక గేర్‌కు వచ్చేస్తున్నాను. సీటు ముందు అంచుకు జరిగి, ఛాతీని హ్యాండిల్ మీదికి వంచితే ముందు చక్రం లేవడం లేదు. గుట్ట దిగేటప్పుడు రెండు పెడల్స్ ఒకే ఎత్తులో పెట్టి, నడుము వెనక్కి. ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దు, మోచేతి కథ అదే.

సైకిల్ కొన్నచోట టైర్లలో గాలి 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టి ఇచ్చారు. వేర్ల మీద బంతిలా ఎగిరేది. నా బరువు 72 కిలోలు, టైరు 2.3 అంగుళాలు, 24కు దించాక పట్టు బాగా దొరికింది. దారి పక్కన మెస్కీట్ చెట్లున్నాయి, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టాలు, ముళ్ళూ అలాంటివే. రెండు పంక్చర్ల తర్వాత ట్యూబులు తీసేసి, టైర్లలో సీలెంట్ (చిల్లుల్ని దానంతటదే మూసే ద్రవం) పోయించాను. ఆ తర్వాత పంక్చర్ లేదు.

రెండు లీటర్ల నీళ్ళు సరిగ్గా సరిపోయాయి. ప్రవేశానికి మనిషికి 7 డాలర్లు కట్టాను. శనాదివారాల్లో ముందే బుక్ చేసుకోవడం మేలు.

చెట్లలోంచి బయటికొచ్చినచోట గడ్డి రాగి రంగు తిరిగింది, దాని వెనక సరస్సు. గంటా 14లో ఓ నాలుగు నిమిషాలు అక్కడే పోయాయి, అవి లెక్కలోంచి తీసేయను. నేను కాలు పెట్టింది కూడా అక్కడే.

12 మైళ్ళది వచ్చే ఆదివారం అనుకున్నాను. గురువారం వాన అంటున్నారు.