'యూ మైట్ వాంట్ టు' అంటే చెయ్యమనే అర్థమట

మొన్న శుక్రవారం మా మేనేజర్ పక్కకి పిలిచి, గొంతు పెంచకుండానే, చెప్పిన పని ఎందుకు చెయ్యలేదని అడిగింది. ఏ పనో నాకు అర్థం కాలేదు. సీట్లోకొచ్చి మెయిల్స్ తీస్తే ఉంది, 'యూ మైట్ వాంట్ టు హావ్ అనదర్ లుక్ ఎట్ ది ఫిగర్స్' అని. కావాలంటే ఇంకోసారి చూసుకో అన్నట్టు అనిపించింది నాకు, అప్పటికే రెండుసార్లు చూశా కాబట్టి వదిలేశా. ఇక్కడ ఇంగ్లండ్‌లో దానర్థం లెక్క తప్పింది, సరిచెయ్యి అని. పక్క సీటావిడ ఓపిగ్గా చెప్పేదాకా తెలీలేదు.

అప్పట్నుంచి ఇదే బుర్రలో తిరుగుతోంది. తెలియని మాటయితే డిక్షనరీ చూస్తాం, మైట్, వాంట్ తెలియకపోవడమేంటి? తెలిసిన మాటల దగ్గరే దెబ్బ తింటున్నాం. 'క్వైట్ గుడ్' అంటే అమెరికావాళ్ళకి చాలా బావుందని, ఇక్కడ చాలాసార్లు ఏదో పర్లేదని. మీటింగ్‌లో ఒక విషయం 'టేబుల్' చేద్దామంటే ఇక్కడ చర్చకి పెడదామని, అమెరికాలో పక్కన పెడదామని!

వాళ్ళలో వాళ్ళకే తేడాలొచ్చాయి మరి. 1951 ఏప్రిల్‌లో, కొరియా యుద్ధంలో, ఇమ్జిన్ నది దగ్గర చైనా సైన్యం చుట్టుముడుతుంటే బ్రిటిష్ బ్రిగేడియర్ టామ్ బ్రోడీ పరిస్థితి 'ఎ బిట్ స్టికీ'గా ఉందని అమెరికన్ జనరల్‌కి చెప్పాడట, అంటే ప్రాణాల మీదకొచ్చిందని. ఆ జనరలేమో కాస్త ఇబ్బంది, నెట్టుకొస్తారులే అనుకున్నాడట. బ్రోడీ కింద ఉన్న గ్లాస్టర్స్ అనే బ్రిటిష్ బెటాలియన్ అక్కడే చిక్కుకుపోయింది, వందలమంది ఖైదీలయ్యారు. ఇంగ్లీషే పుట్టుభాష అయినవాళ్ళ మధ్య అంత జరిగితే, నేర్చుకున్నవాళ్ళని శ్రద్ధ లేదనుకోవడం న్యాయమా?

మనమూ తిన్నగా మాట్లాడతామని కాదు. వెళ్ళిపోతూ వస్తానంటాం, ఇష్టం లేకపోతే చూద్దాంలెండి అంటాం. కానీ అది మొహంలో, గొంతులో తెలిసిపోతుంది, మెయిల్‌కి గొంతెక్కడిది. ఎదుటివాళ్ళని నొప్పించకూడదనే అలా రాస్తారని తెలుసు, ఆ మర్యాద నాకు నిజంగా ఇష్టం, పని దగ్గర మాత్రం ఒక్క ముక్క తిన్నగా చెప్తే ఎంత హాయి.

సోమవారం మేనేజర్ మళ్ళీ ఒకటి పంపింది, 'వెనెవర్ యూ గెట్ ఎ మినిట్' అని. ఈసారి లేచెళ్ళి, ఇవాళే కావాలా అని అడిగా. 'ఐడియల్లీ' అంది. మధ్యాహ్నంలోపు పంపేశా.