కోరంగిని పూడ్చిన ఒండ్రు

కోనసీమ ఒక ద్వీపం అంటే బయటివాళ్ళు చాలామంది నమ్మరు, ద్వీపమంటే మాల్దీవుల ఫొటోలాగే ఉండాలి కాబోలు. ధవళేశ్వరం దిగువన గోదారి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలితే, మూడోవైపు సముద్రం, మధ్యలో ఉన్నదే కోనసీమ. వశిష్ఠ నుంచి వైనతేయ మళ్ళీ విడిపోయి నగరం అనే ఊరి వైపు ఇంకో లంకని చేసింది. వంతెనలు పడ్డాక ఇదంతా మనమే మర్చిపోయాం గానీ, కోటిపల్లి రేవులో పంటు కోసం ఎండలో నిలబడ్డవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడి నేలంతా గోదారి మోసుకొచ్చిన ఒండ్రే. దొరల కథలు కూడా దాంతోనే నడిచాయి. కోరంగి ఇప్పుడు కాకినాడ నుంచి యానాం పోయే దారిలో ఒక చిన్న ఊరు. 18వ శతాబ్దంలో మాత్రం ఓడలు కట్టే, బాగుచేసే పెద్ద రేవు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు, పాలకొల్లులో, జగన్నాథపురంలో డచ్చివాళ్ళు, యానాంలో ఫ్రెంచివాళ్ళు. ఈ ఫ్రెంచివాళ్ళు 1723లో వచ్చి, గిట్టుబాటు కాక వదిలేసి, 1731లో మళ్ళీ వచ్చి, మధ్యలో ఇంగ్లీషువాళ్ళు లాక్కున్నప్పుడు తప్ప 1954 దాకా ఉన్నారు. అందరి కన్నూ మన నేతగుడ్డ మీదే.

1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకోటి కోరంగిని ఊడ్చేశాయి. రెండోదాంట్లో 3 లక్షలమంది పోయారని నెట్‌లో తిరుగుతుంటుంది, నేనైతే నమ్మను, ఆ తీరంలో అప్పుడు అంతమంది ఉండటమే అనుమానం. అయినా రేవుని చంపింది ఉప్పెనలు మాత్రమే కాదు, ఏటి మొగ మెల్లగా పూడిపోయి పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి, వ్యాపారం కాకినాడకి పోయింది. పోయేలోపు ఎంతమందిని ఓడలెక్కించిందో. మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయ్యాక చెరుకుతోటలకి కూలీలు కావాల్సొచ్చి మనవాళ్ళని తీసుకెళ్ళారు, తర్వాత బర్మాకి కూడా. అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారు.

కాటన్ సంగతి అందరికీ తెలిసిందే, 1833 కరువు తర్వాత ఆనకట్ట, 1852కి పూర్తి. గోదారి స్నానంలో ఆయన్ని భగీరథుడని తలుచుకునే శ్లోకం కూడా ఉంది. కంపెనీ లెక్కలో అది శిస్తు పెంచే పని, మన లెక్కలో తిండి.

ఇంత పూడ్చిన ఒండ్రు ఊరికే పోలేదు. కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ ఉందే, దాదాపు 16 కిలోమీటర్ల ఇసుకమేట, అది గత రెండొందల ఏళ్ళలో గోదారి పోసిందే. సముద్రం పొంగినప్పుడు కాకినాడకి అదే అడ్డు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఆ ఇసుకలోకే వస్తాయి. ఇవతల కోరంగి మడ అడవి. ఆటుకి నీళ్ళు వెనక్కి తీసే వేళకి చెక్కదారి మీద నడిస్తే బాగుంటుంది. నల్లటి బురదలోంచి తెల్లమడ వేర్లు పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచి ఉంటాయి, ఆ బురదలో గాలాడదు కాబట్టి చెట్టు ఊపిరి తీసుకునేది వాటితోనే. వాటి మధ్య కళ్ళు నెత్తిమీదున్న చిన్న చేపలు రెక్కలతో పాకుతూ గెంతుతుంటాయి. తిల్లచెట్టు కొమ్మ మాత్రం విరవొద్దు, పాలు కంట్లో పడితే అంతే సంగతులు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. రావలసిన ఒండ్రు ఎగువన డ్యాముల వెనకే ఆగిపోతోంది, వచ్చిన కాస్త ఇసుకేమో లారీలెక్కుతోంది. పోసేది తగ్గితే కోసేది ఆగుతుందా? లంకల్లో కాపుమీదున్న కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా ఏట్లోకి ఒరుగుతున్నాయి, పట్టా కాగితం ఇంట్లోనే ఉంటుంది, భూమి ఉండదు. మావాళ్ళు ప్రతి ఎలక్షన్‌కీ గట్టుకి రాళ్ళు పోయమని అడుగుతారు, పోస్తారు కూడా, పెద్ద వరద వస్తే ఆ రాళ్ళూ ఏట్లోకే.