మక్తా ధాన్యం రెండుసార్లు, మందుల చీటీ పన్నెండుసార్లు

ఆంధ్రప్రదేశ్ డెల్టాలో అరవై దాటిన సన్నకారు రైతుకు పొలమే పింఛను. చిక్కేమిటంటే ఆ పొలం డబ్బు ఏడాదికి రెండుసార్లే చేతికొస్తుంది. సార్వా (ఖరీఫ్ వరి) నూర్చాక డిసెంబరు, జనవరి ప్రాంతంలో ఒకసారి, దాళ్వా (రబీ వరి) అయ్యాక మే నెలలో ఇంకోసారి. బీపీ, షుగరు మాత్రలు మాత్రం నెలనెలా కొనాలి. జూలై నుంచి నవంబరు దాకా చెయ్యి ఆడదు, వడ్డీకి తెచ్చే అవసరం పడేది ఎక్కువగా అప్పుడే.

ముందు మక్తా, అంటే కౌలు కింద వచ్చే ధాన్యం సంగతి. ఓపిక తగ్గి పొలం కౌలుకిచ్చినవాళ్లు బస్తాల్లో మాట్లాడుకుని డబ్బులో తీసుకుంటారు. గొడవ అక్కడ మొదలవుతుంది. బస్తా అంటే 75 కిలోలని అందరికీ తెలుసు, ఏ ధరకు కట్టాలో మాత్రం రాసుకోరు. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాకు 2,369 రూపాయలు. అంటే బస్తా సుమారు 1,777. రెండెకరాలకు ఏడాదికి 50 బస్తాలు మక్తా అనుకుందాం. మొత్తం 88,850, నెలకు 7,400 పడుతుంది. ధాన్యం తడిసిందనో, రంగు మారిందనో బస్తాకు రెండు వందలు తగ్గించి కడితే పదివేలు పోయాయి. ఒక పెద్దాయనకు అది కొన్ని నెలల మందుల ఖర్చు. కాబట్టి కాగితం మీద బస్తా బరువు, ఆ సీజను మద్దతు ధరే లెక్కనే మాట, ఏ తేదీలోపు ఇవ్వాలన్నది రాసుకోండి. ధాన్యంగానే కొలిపించుకుంటే తేమ 17 శాతం మించకూడదని కూడా రాయండి. తుపాను కొడితే ఎంత తగ్గించాలో అప్పుడే తేల్చుకోవడం ఇద్దరికీ న్యాయం.

ఇక కౌలురైతుకు సర్కారు ఇచ్చే కౌలు కార్డు. దానికి యజమానిగా సంతకం పెడితే పొలం పోతుందని పెద్దవాళ్ల భయం. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డు 11 నెలలకే చెల్లుతుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. కార్డు లేకపోతే కౌలురైతుకు పంట రుణం పుట్టడం కష్టం, నష్టపరిహారం అతని పేరున రావడమూ కష్టమే. అతని చేతికి డబ్బు రాకపోతే మక్తా ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాడు? ఈ సంతకం అతనికి చేసే ఉపకారమని అనుకోవద్దు, మీ మక్తాకు మీరు కట్టుకునే గట్టు అది.

కోనసీమ వైపు వరితోపాటు నాలుగు కొబ్బరి చెట్లున్నవాళ్లు అదృష్టవంతులు. నలభై అయిదు రోజులకో రెండు నెలలకో కాయల దింపు ఉంటుంది, ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు డబ్బు కళ్లచూస్తారు. శ్రావణం నుంచి కార్తీకం దాకా పండగల గిరాకీ కూడా పొలం డబ్బు లేని నెలల్లోనే వస్తుంది. వానకు మాను జారుతుందని దింపు వెనక్కి పోతుంటుంది, ఆ ఆలస్యాన్ని లెక్కలో పెట్టుకోండి. తోట మొత్తం ఏళ్ల తరబడి కౌలుకివ్వడం మాత్రం నాకు నచ్చదు. గెల విచ్చుకున్నాక కాయ ముదరడానికే దాదాపు పన్నెండు నెలలు, ఆ గెల మొవ్వులో మొలకెత్తింది అంతకు రెండేళ్లకు పైగా ముందు. ఇవాళ ఎరువు మానేసినవాడికి ఇవాళ నష్టం కనపడదు. కౌలుదారు వెళ్లిపోయాక చెట్టు తగ్గిపోతే, ఆ తగ్గుదల మీ డెబ్బయ్యో ఏట మీకు తగులుతుంది. దింపు, ఒలుపు కూలి ఇచ్చి కాయ మీరే అమ్ముకోండి.

చేతిలో రొక్కం ఉంటే పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకం ఈ డెల్టా క్యాలెండరుకు సరిగ్గా అతుకుతుంది. వడ్డీ ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి ఒకటో తేదీల్లో పడుతుంది. 2025-26లో రేటు 8.2 శాతం, వేసిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది. పది లక్షలకు మూణ్ణెల్లకు 20,500. జూలై, అక్టోబరు వాయిదాలను ముట్టుకోకుండా మందులకు, కరెంటు బిల్లుకు వదిలేస్తే అప్పు అవసరం చాలామటుకు తీరిపోతుంది. గరిష్ఠం 30 లక్షలు. ఏడాది తిరక్కుండా తీస్తే కోత పడుతుంది, తర్వాత ఐదేళ్ల లోపు తీసినా అసలులో ఒకటి, ఒకటిన్నర శాతం కోస్తారు. అందుకని ఆసుపత్రి ఖర్చుకు ఉంచిన డబ్బు ఇందులో వేయకండి.

చివరిగా, అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగే చోటు. నెలకు 4,000 వృద్ధాప్య పింఛనుకు కుటుంబానికి మాగాణి మూడెకరాల లోపే ఉండాలి. దానికోసం, లేదా పిల్లలు అడిగారని, పొలం మొత్తం దాన సెటిల్‌మెంటు (బతికుండగానే ఆస్తిని ఇంకొకరి పేరున రాసిచ్చే దస్తావేజు) రాసేస్తున్నారు. ఏడాదికి 48,000 కోసం చేతిలో ఉన్న ఏకైక ఆధారాన్ని వదులుకోవద్దని నా గట్టి మాట. వీలునామా అయితే బతికున్నంతకాలం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. సెటిల్‌మెంటు రాయక తప్పదంటే రెండు వాక్యాలు చూసుకోండి: బతికున్నంతకాలం పొలం ఆదాయం నాదేనని, నన్ను పోషించే షరతు మీదే ఇస్తున్నానని. 2007 వయోవృద్ధుల చట్టం 23వ సెక్షను కింద పోషణ మానేస్తే దస్తావేజు రద్దు చేయమని ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, వకీలు అక్కర్లేదు. కానీ అక్కడ అర్జీదారుడి చేతిలో ఉండాల్సింది ఆ షరతు. దస్తావేజు రాసేవాళ్లు పాత నమూనా తీసి పేర్లు మార్చేస్తుంటారు, అందులో ఆ వాక్యం ఉండకపోవచ్చు. వేలిముద్ర వేసే ముందు కాగితం మొత్తం పైకి చదివించుకోండి, ఆ వాక్యం వినపడకపోతే వేయకుండా లేచి వచ్చేయండి.