వీపు మీద అక్షరాలు

జనవరి మొదటి వారం. సామర్లకోట స్టేషన్‌లో ఎటు చూసినా నల్లబట్టలే. మకరజ్యోతికి బయల్దేరిన స్వాములు ఇరుముళ్లు ఒళ్లో పెట్టుకుని రైలు కోసం చూస్తున్నారు. మా బళ్లో లెక్కల మాస్టారు ఏటా మాల వేసుకుని, నల్లచొక్కాతోనే పాఠం చెప్పేవారు. బ్యాంకులో, బస్సులో, కిరాణా కొట్లో అలాంటి వాళ్లు ఎదురైతే ‘స్వామీ’ అని పలకరించి మన పనిలో మనం పడిపోతాం. నాకది పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలవాటైన దృశ్యం.

రెండు రోజుల తర్వాత అమెరికాలో మా అమ్మాయి ఉండే ఓర్లాండో ఎయిర్‌పోర్టులో దిగాను. అక్కడ ఎటు చూసినా మిక్కీ మౌసే. నా వయసు ఆవిడ ఒకరు తళుకుల బో ఉన్న ఎలకచెవుల బ్యాండు నెత్తిన పెట్టుకుని సూట్‌కేసు కోసం నిలబడ్డారు. ఒకే రంగు టీషర్టుల్లో 11 మంది కుటుంబం, వీపుల మీద ఇంటిపేరు, కింద ఈ ఏటి సంవత్సరం. వాళ్లలో పిల్లలు ఇద్దరే, మిగతా అందరూ పెద్దవాళ్లు.

మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. భుజాలు జారిన వదులు చొక్కా, పొడుగు చేతులు, ముదురు నీలం. వీపు నిమిరితే చేతికి ఏవో ఉబ్బెత్తు అక్షరాలు తగిలాయి. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా ‘వాల్ట్ డిస్నీ వరల్డ్’ అని ఇంగ్లీషులో రాసి ఉంది. మిక్కీ మౌస్ బొమ్మల డిస్నీ వాళ్లు అక్కడ కట్టిన వినోద పార్కుల పేరది. తనకి 34 ఏళ్లు, ఆఫీసులో ఆరుగురికి టీమ్ లీడ్. “ఈ వయసులో ఈ చొక్కా ఏంటమ్మా?” అన్నాను. రెండేళ్ల తర్వాత చూసిన కూతురితో నేనన్న మొదటి మాట అది. తను నవ్వి ఊరుకుంది.

మర్నాడు తను ఆఫీసుకి వెళ్లాక, ఉతికిన బట్టలు మడతపెడుతూ ఆ చొక్కా కూడా ఇస్త్రీ చేశాను. అక్షరాల మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే ‘వరల్డ్’లో ఆఖరి అక్షరం అణిగిపోయి, అంచు పెట్టెకి అంటుకుంది. కంగారుగా లాగాను. పొంగిన పూరీలాంటి అక్షరం అప్పడంలా చదునైంది, మధ్యలో చీలిక. సాయంత్రం అది చూసి తను ఒక్క మాట అనలేదు. చొక్కా తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది. నాకు అన్నం దిగలేదు.

రాత్రి పక్కన కూర్చుని తనే చెప్పింది. దాన్ని స్పిరిట్ జెర్సీ అంటారట. తిరగేసి ఉతకాలి, డ్రయ్యర్‌లో వెయ్యకూడదు, అక్షరాల మీద ఇస్త్రీ అసలు పెట్టకూడదు. 2019లో మొదటి జీతంతో 70 డాలర్లకి పైనే పెట్టి కొనుక్కుంది. అంతకుముందు ఏడు నెలలు ఉద్యోగం లేదు. మాకు ఫోన్లో “అంతా బావుందమ్మా” అనేది. అసలు పార్కులకి వెళ్లాలంటే వంద డాలర్ల పైనే టికెట్టు. డిస్నీ స్ప్రింగ్స్ అని చెరువు పక్కన కొట్లు, హోటళ్లు ఉన్న చోటికి మాత్రం టికెట్టు లేదు, పార్కింగ్ కూడా ఊరికే. సాయంత్రాలు అక్కడికి పోయి, పాటలు వింటూ, పిల్లల్ని ఎత్తుకుని తిరిగేవాళ్లని చూస్తూ నడిచేదట. “అక్కడ ఎవరూ నువ్వేం చేస్తున్నావని అడగరమ్మా” అంది. కొట్టు అద్దంలో ఈ చొక్కా కనిపించేది. ఉద్యోగం వస్తే కొనుక్కుంటానని అనుకుంది, వచ్చిన నెలలోనే కొనుక్కుంది.

ఆఫీసుకి ఒక శుక్రవారం వేసుకెళ్తే ఒకతను ‘డిస్నీ అడల్ట్’ అన్నాడట. ఎదగని మనిషి అని వెక్కిరింపు. మళ్లీ ఎప్పుడూ ఆఫీసుకి వేసుకెళ్లలేదు. అతనన్నదే ఎయిర్‌పోర్టులో నేనూ అన్నాను. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ వారం మధ్యలో పార్కుకి తీసుకెళ్లింది. కారు దిగాక స్టీమరెక్కి పెద్ద చెరువు దాటాలి. అవతల 189 అడుగుల సిండరెల్లా కోట పొగమంచులోంచి కొద్దికొద్దిగా బయటపడుతుంటే, గోదావరి మీద లాంచీలో పట్టిసీమ వెళ్లిన రోజు గుర్తొచ్చింది. ‘వాల్ట్’ అనే మాట గురించి అక్కడే చెప్పింది అమ్మాయి. ఈ పార్కు కడదామనుకున్న వాల్ట్ డిస్నీ 1966లోనే పోయారు. అన్నగారు రాయ్ దాన్ని పూర్తిచేసి 1971 అక్టోబరు 1న తెరిపించారు. ఉత్తి డిస్నీ వరల్డ్ అంటే ఎవరి కలో జనం మర్చిపోతారని, తమ్ముడి పేరు ముందు పెట్టించారు. ఆ డిసెంబరులో ఆయనా పోయారు. తమ్ముడి కోసం ఒక అన్న పట్టుబట్టి నిలిపిన పేరు మా పిల్ల భుజాల మీద ఉందన్నమాట. చొక్కా వైపు మళ్లీ చూశాను.

లోపల మనుషుల బట్టలు చూడ్డంతోనే సగం రోజు గడిచింది నాకు. 14 ఏళ్లు దాటినవాళ్లు మామూలు రోజుల్లో వేషాలు వేసుకుని రాకూడదని అక్కడ నియమం. అందుకని మామూలు బట్టలతోనే ఉపాయం చేస్తారు. నీలం జాకెట్టు, పసుపు స్కర్టు, తల్లో ఎర్ర రిబ్బను కట్టుకున్న అమ్మాయిని చూపించి “ఎవరో చెప్పుకో” అంది. డిస్నీ బొమ్మల సినిమాలోని రాకుమారి స్నో వైట్! నేనే కనిపెట్టాను. డిస్నీబౌండింగ్ అంటారు దీన్ని, 2011 ప్రాంతంలో పుట్టిన మాట. మన వీధి భాగవతంలో కిరీటం లేకపోయినా పట్టుపంచె రంగుని బట్టి కృష్ణుణ్ణి పోల్చుకున్నట్టు ఉంది.

అక్కడి ఆఫీసులో ఒక గుండ్రటి బ్యాడ్జీ ఊరికే ఇచ్చారు. ‘ఫస్ట్ విజిట్’ అని ఉంది. చీర కొంగు మీద పెట్టుకున్నాను. ఇక దారి పొడుగునా పలకరింపులే. ఊడ్చే కుర్రాడు, ఐస్‌క్రీమ్ అమ్మే ఆవిడ, రథం తోలే ఆయన, ఆఖరికి మాలాగే చూడ్డానికొచ్చినవాళ్లు కూడా “ఎలా ఉంది?” అని అడిగారు. పరాయి దేశంలో, వచ్చీరాని ఇంగ్లీషుతో, ఒక రోజంతా నేను బెరుకు లేకుండా మాట్లాడాను.

బ్యాడ్జీ శాలువాకి మార్చి మర్చిపోయాను. సోమవారం పబ్లిక్స్ అనే సరుకుల కొట్లో పెరుగు డబ్బాలు బిల్లింగ్ దగ్గర పెడుతుంటే, అక్కడి పెద్దావిడ బ్యాడ్జీ చూసి ముఖం విప్పార్చుకుని, కోట దగ్గర ఏడ్చారా అని అడిగింది. తను మొదటిసారి ఏడ్చిందట. మా వెనక 70 దాటిన ముసలాయన అరటిపళ్లు, ఐసు ప్యాకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. మెళ్లో పెద్ద మిక్కీ పతకం. ముందురోజే డిస్నీ మారథాన్ అయింది. 1994లో మొదలై జనవరిలో జరిగే పరుగు, 42 కిలోమీటర్లు. ఆయన అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నాడు, పతకం మాత్రం తియ్యలేదు. ముందున్నవాళ్లు వరసలోంచి తప్పుకుని ఆయనకి దారిచ్చారు. ఓర్లాండో పక్కనున్న కేసల్‌బెర్రీ గుడిలో సంక్రాంతికి పులిహోర వడ్డించిన మన కుర్రాడు కూడా హాఫ్ మారథాన్ టీషర్టు మీదే తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

దేవుడి మాలనీ, బొమ్మల చొక్కానీ నేను ఒక గాటన కట్టడం లేదు. కొండ మీంచి గుండుతో దిగినవాణ్ణి చూడగానే “దర్శనం బాగా అయిందా?” అంటాం కదా, ఆ పలకరింపు గురించే నా మాటంతా. చొక్కా చూసి మనిషిని తక్కువ చెయ్యడానికి క్షణం పట్టదు. వెనక ఏడు నెలలు ఉన్నాయో, 42 కిలోమీటర్లు ఉన్నాయో అడిగితే కదా తెలిసేది.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున తను ఏం వేసుకోవాలా అని బీరువా ముందు నిలబడితే, ఆ నీలం చొక్కా నేనే తీసిచ్చాను. కొత్తది కొనిస్తానంటే వద్దంది.

ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ వరస మొదట్లో దిగబెట్టి వెనక్కి తిరిగింది. అప్పుడే ఎక్కడి నుంచో పెద్ద గుంపు వచ్చి పడింది. నీలాలు, గులాబీలు, ఊదాలు, ఒక్కొక్క వీపు మీదా అవే పెద్ద అక్షరాలు. ఒక్క క్షణం పిల్ల కనిపించలేదు. మునివేళ్ల మీద లేచి చూశాను. మెట్ల దగ్గర, ఆఖరి అక్షరం అణిగి చీలిన చొక్కా. అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.