టూత్‌బ్రష్‌తో లితోగ్రాఫ్: నా అనుభవం

ఉద్యోగానికి పారిస్ వచ్చాక ఫ్రెంచి చిత్రకారుడు తూలూజ్-లోత్రెక్ పోస్టర్ల పిచ్చి పట్టింది నాకు. 1891లో మూలాన్ రూజ్ అనే నృత్యశాల కోసం వేసినది చాలామంది చూసే ఉంటారు. నర్తకి లా గూల్యూ కాలెత్తి ఆడుతుంటుంది, ఆమె ముందు తోటి నర్తకుడు వాలెంతాన్ పొడుగ్గా నీడలా నిలబడి ఉంటాడు. దాదాపు రెండు మీటర్ల ఎత్తు, రంగులు మాత్రం నాలుగే. దగ్గరికెళ్లి చూస్తే సన్నటి చుక్కల తుంపర కనిపిస్తుంది. ఆ పొగ, ఆ మసక వెలుతురు అంతా దాంతోనే వచ్చింది. అదెలా పడుతుందో చేత్తో చేసి చూద్దామని రాతి అచ్చు, అంటే లితోగ్రఫీ, నేర్పేచోట చేరాను.

తీరా చేరితే బొమ్మ వేయనిస్తేగా! ముందు రాయి అరగదీయాలి. బవేరియా సున్నపురాయి, ఇద్దరు పడితేగానీ లేవదు. కార్బోరండం అనే గరుకు పొడి, నీళ్లు వేసి, పిండి రుబ్బినట్టు తిప్పుతూనే ఉండాలి, పాత బొమ్మ ఆనవాలు పోయేదాకా. భుజాలు పడిపోయాయి.

తుంపర పని మాత్రం భలే సరదా. తెల్లగా మిగలాల్సిన చోట ముందే తుమ్మబంక పూసి ఆరనివ్వాలి. తర్వాత జిడ్డు సిరాలో టూత్‌బ్రష్ ముంచి, కాగితం మీద కాస్త అద్ది, కుచ్చు మీద చాకు వీపుతో గీకాలి. బ్రష్ తడిగా ఉంటే బొట్లు పడతాయి, పొడిగా ఉంటే ధూళిలా రాలుతుంది. నేను వేసింది బార్ కౌంటరు, దాని ముందు టోపీ పెట్టుకున్న ఒకావిడ. అచ్చులో అంతా తిరగబడుతుంది కాబట్టి నా పేరు తెలుగులో తిరగేసి రాశాను. సరిగ్గా ఉందో లేదో చెప్పగలిగినవాళ్లు అక్కడ ఎవరూ లేరు!

ఆ పైన బంకలో కొంచెం నైట్రిక్ ఆమ్లం కలిపి పూసి వదిలేయాలి. తర్వాత టర్పెంటైన్‌తో తుడిస్తే పడ్డ కష్టమంతా కళ్లముందే మాయం. కంగారుపడక్కర్లేదు, జిడ్డు రాయిలోకి దిగే ఉంటుంది. స్పాంజితో తడిపి సిరా రోలరు నడిపిస్తే తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోట పట్టుకుంటుంది. ఒక్కో చుక్కా మళ్లీ పైకి తేలుతుంటే రోలరు వదలబుద్ధి కాలేదు.

నన్నడిగితే లోత్రెక్ పనితనం పోస్టర్లలో కన్నా 1893లో నర్తకి లోయీ ఫుల్లర్ మీద వేసిన అచ్చుల్లో ఎక్కువ. పారిస్‌లోని ఫోలీ బెర్జేర్ అనే ప్రదర్శనశాలలో రంగురంగుల విద్యుద్దీపాల కింద ఆమె పట్టుబట్టలు తిప్పుతూ ఆడేది. సుమారు 60 అచ్చులు తీసి, దేని రంగులు దానికి మార్చాడు, కొన్నింటి మీద బంగారు, వెండి పొడి కూడా అద్దాడు. నేనూ అలాగే ఒక్కో కాగితానికి రంగు మారుస్తూ పోయాను. వరస నంబర్లు ఒకేలా ఉన్న అచ్చులకే వేస్తారట, ఒకేలా లేనివాటికి వేయడానికి మాకు నేర్పే ఆవిడ ససేమిరా అంది. నంబర్లు లేకుండానే స్నేహితులకు పంచేశాను.